పేగుల పటంలో మాడుగుల

అరచేతిలో ఇమిడే గుండ్రటి పళ్లెం. దానికో మూత. అడుగున నాలుగు మిల్లీమీటర్ల మందాన గడ్డకట్టిన అగర్, చూడ్డానికి జున్నులా ఉంటుంది. ల్యాబ్ టెక్నీషియన్ దూదిపుల్లను బ్యాక్టీరియా కలిపిన ద్రవంలో ముంచి, ఎక్కడా ఖాళీ లేకుండా నేల అలికినట్టు ఆ అగర్ మీద పూస్తారు. పైన కొన్ని కాగితపు బిళ్లలు పెడతారు. ఒక్కోటీ ఆరు మిల్లీమీటర్లు, ఒక్కోదాంట్లో ఒక్కో యాంటీబయాటిక్. 35 డిగ్రీల వెచ్చదనంలో రాత్రంతా ఉంచి పొద్దున్నే తీస్తే, పళ్లెమంతా బ్యాక్టీరియా పొర కమ్ముకుని ఉంటుంది. మందు పనిచేసిన చోట మాత్రం బిళ్ల చుట్టూ ఖాళీ వలయం.

స్కేలు పెట్టి ఆ వలయం అడ్డుకొలత తీస్తారు. పేగుల్లో ఉండే ఈ.కోలై లాంటి బ్యాక్టీరియాకు సిప్రోఫ్లాక్సాసిన్ పరీక్షిస్తే, 26 మిల్లీమీటర్లు, ఆపైన వస్తే మందుకు లొంగినట్టు. 21, అంతకన్నా తక్కువైతే లొంగనట్టు. నడుమ వస్తే అటూ ఇటూ కానట్టు. ఒక్కోసారి వలయమే ఉండదు. బ్యాక్టీరియా బిళ్ల అంచుదాకా పాకి కూర్చుంటుంది.

పెద్ద ల్యాబుల్లో ఇప్పుడు ఈ పని యంత్రాలూ చేస్తున్నాయి. పద్ధతి ఏదైనా, మందులకు లొంగని బ్యాక్టీరియా దేశంలో ఎంత పెరిగిందో చెప్పే జాతీయ నివేదికలు ఇలాంటి లక్షల కొలతల కూడికే. అయితే ఆ పళ్లెం మీదికి ఎవరి పొట్టలోని బ్యాక్టీరియా చేరుతోంది? ఎవరిది చేరడం లేదు? ఈ ప్రశ్నను ఢిల్లీ నుంచి కాకుండా మాడుగుల నుంచి అడిగి చూద్దాం.

పేగుల్లో కాపురం

పల్నాడు మాడుగులతో కలిసిపోకుండా వి.మాడుగుల అని పిలుచుకునే ఈ ఊరు పాడేరు కొండలకు దిగువన ఉంది. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. బయటివాళ్లకు హల్వాతో తెలిసిన ఊరు. ఆ హల్వా చేసేవాళ్లకు సూక్ష్మజీవుల గురించి వేరే చెప్పనక్కర్లేదు. నానిన గోధుమల్ని రుబ్బి తీసిన పాలను ఓ రోజు నిలవుంచితే వాటి వాసన, పులుపు మారిపోతాయి. మనం నిద్రపోయినంత సేపూ కంటికి కనబడనివి పిల్లల్ని పెట్టుకుంటూనే ఉంటాయి. అనుకూలమైన చోట ఈ.కోలై ఇరవై నిమిషాలకోసారి రెండింతలవుతుంది.

ఈ.కోలైని 1885లో పసిపిల్లల మలంలో గుర్తించి వివరించినవాడు పిల్లల వైద్యుడు థియోడర్ ఎషెరిష్. దాని పూర్తి పేరులో మొదటి మాట ఆయన పేరు నుంచే వచ్చింది. మన పేగుల్లోని బ్యాక్టీరియా జనాభాలో ఈ.కోలై వాటా నూటికి ఒకటి కూడా ఉండదు. చాలావరకు సాధువు. అద్దె కట్టకపోయినా అల్లరి చేయని కాపురం. పేగు దాటి మూత్రనాళంలోకి వెళితేనే మంట, రక్తంలోకి వెళితేనే ప్రాణాపాయం. దాని చుట్టమే క్లెబ్సియెల్లా. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా, రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా కూడా ఆ వంశానివే.

మందులకు లొంగనితనం మీద నిఘా పెట్టేవాళ్లకు ఈ.కోలై అంటే ఇంత మక్కువ ఎందుకు? అది మనిషిలోనూ ఉంటుంది, కోడిలోనూ గేదెలోనూ ఉంటుంది, మురుగు కలిసిన నీళ్లలోనూ ఉంటుంది. తేలిగ్గా పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మనం మింగే చాలా యాంటీబయాటిక్‌ల దెబ్బ దానికి తగులుతుంది. దగ్గు తగ్గాలని వేసుకున్న మాత్రకు గొంతులోని బ్యాక్టీరియా ఏదో, పేగులోని బ్యాక్టీరియా ఏదో తేడా తెలియదు. దారిలో కనబడినదాన్నల్లా కొడుతుంది. లొంగేవి చస్తాయి. లొంగనిది ఒకటి మిగిలితే, ఖాళీ అయిన జాగా అంతా దాని సంతానానిదే. దగ్గు తగ్గిందనుకున్న మనిషి పొట్టలో ఎన్నికలు జరిగి ప్రభుత్వం మారిపోయిన సంగతి ఆ మనిషికే తెలియదు.

చేబదులు జన్యువులు

లొంగనితనం తల్లి నుంచి పిల్లకే వస్తుందని మొదట్లో అనుకున్నారు. 1950లలో జపాన్‌లో రక్త విరేచనాల రోగుల మలం పరీక్షిస్తే ఆ నమ్మకం చెదిరింది. అక్కడి షిగెల్లా ఒకేసారి నాలుగు మందులకు లొంగడం మానేసింది. చిత్రమేమిటంటే, అదే మనిషి పేగుల్లోని ఈ.కోలై కూడా అవే నాలుగు మందులకు లొంగలేదు. ఒక జాతి నుంచి మరో జాతికి ఆ గుణం చేతులు మారింది. మోసుకెళ్లింది ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరం.

దీన్ని చేబదులు అనుకోవచ్చు, ఒక తేడాతో. చేబదులు ఇస్తే మన దగ్గర డబ్బు తగ్గుతుంది. ప్లాస్మిడ్ ఇచ్చిన బ్యాక్టీరియా తనకో నకలు ఉంచుకునే ఇస్తుంది. ఒకే ఉంగరం మీద నాలుగైదు మందులకు సరిపడా జన్యువులు ఉండొచ్చు. అందుకే ఒక మందు వాడినా, అది మనం వాడని మిగతా మందులకు లొంగని బ్యాక్టీరియాను కూడా పెంచుతుంది.

ఈ జన్యువుల ప్రయాణంలో మన దేశం పేరు రెండుసార్లు గట్టిగా వినబడింది. సెఫోటాక్సిమ్ లాంటి ఇంజెక్షన్లను విరగ్గొట్టే ఎంజైముల్లో ప్రపంచమంతా పాకింది సీటీఎక్స్-ఎం-15. దాన్ని మొదట వర్ణించింది 1999లో ఢిల్లీ ఆసుపత్రిలో సేకరించిన బ్యాక్టీరియా నుంచి. ఇక చివరి అస్త్రాలుగా దాచుకునే కార్బాపెనెమ్ మందుల్ని విరగ్గొట్టే ఎన్‌డీఎం-1. భారత్‌లో చికిత్స పొంది స్వీడన్ తిరిగి వెళ్లిన రోగిలో 2008లో అది బయటపడింది. మూత్రంలోని క్లెబ్సియెల్లాలో దొరికింది, అదే మనిషి మలంలోని ఈ.కోలైలోనూ దొరికింది. 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171 పరీక్షిస్తే 51లోనూ, కుళాయి నీటి నమూనాలు 50లో రెండింటిలోనూ ఆ జన్యువు కనబడింది. ఆసుపత్రి గోడలు దానికి అడ్డు కాలేదు.

భీమవరం నుంచి కోడి దాణా దాకా

ఈ కథలో తెలుగువాడి పేరూ ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనను నడిపిన రోజుల్లో, అక్కడి బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. 1948లో లోకానికి ప్రకటించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. తర్వాత జరిగింది ఆయన చూడలేదు.

ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిని అదే లెడర్లీలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ కోళ్లకు దాణాలో కలిపి పెట్టారు. కోళ్లు తొందరగా బరువెక్కాయి. 1950 నాటికి ఆ వార్త పాకింది. రోగం లేని కోళ్లకూ పందులకూ రోజూ కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ మేపడం ఒక వ్యాపార పద్ధతి అయిపోయింది.

దాని ఫలితాన్ని స్టువర్ట్ లెవీ అనే వైద్యుడు 1976లో మసాచుసెట్స్‌లోని ఒక పొలంలో చూపించాడు. టెట్రాసైక్లిన్ రకం మందు కలిపిన దాణా తిన్న కోళ్ల పేగుల్లోని బ్యాక్టీరియా వారం తిరిగేసరికి దాదాపు మొత్తం ఆ మందుకు లొంగనిదైపోయింది. కొన్ని నెలలకు ఆ పొలం మీద ఉండే మనుషుల మలంలోనూ అలాంటి బ్యాక్టీరియా పెరిగింది. ఇరుగుపొరుగువాళ్లలో అంతగా పెరగలేదు. పొలంవాళ్లు మందు మింగలేదు, కోళ్లను చూసుకున్నారంతే.

గుడ్ల ఉత్పత్తిలోనూ రొయ్యల్లోనూ దేశంలో ముందుండే ఆంధ్రప్రదేశ్‌కు ఇది పరాయి ఊరి కబురు కాదు. మిగతా మందులేవీ పనిచేయనప్పుడు వైద్యులు చేతిలోకి తీసుకునే కొలిస్టిన్‌ను కోళ్ల దాణాలో వాడటం కేంద్రం 2019 జులైలో నిషేధించింది. అంతకు నాలుగేళ్ల ముందే, కొలిస్టిన్‌కు లొంగనితనాన్ని ప్లాస్మిడ్ మీద మోసుకెళ్లే ఎంసీఆర్-1 జన్యువు చైనాలో పందుల్లోని ఈ.కోలైలో దొరికింది.

హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరు ఇంకో పాఠం. మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికి వస్తున్న నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం ప్రకటించింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ.

రెండు వలలు

ఇన్ని దారుల్లో తిరిగే బ్యాక్టీరియాను లెక్కపెట్టేందుకు దేశం రెండు వలలు వేసింది. ఒకటి భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్ 2013లో మొదలుపెట్టినది. వెల్లూరు సీఎంసీ, ఢిల్లీ ఎయిమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రులు అందులో ఉన్నాయి. హైదరాబాద్ నిమ్స్ కూడా ఉంది. రెండోది జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, ఎన్‌సీడీసీ నడిపే నార్స్‌నెట్. రాష్ట్రాల్లోని మెడికల్ కాలేజీల ల్యాబులు అందులో చేరుతూ వస్తున్నాయి. మన వైపు నుంచి గుంటూరు మెడికల్ కాలేజీ ఉంది. నార్స్‌నెట్ కొలతలన్నీ హూనెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తారు. రోగి వయసు, ఆడా మగా, నమూనా రక్తమా మూత్రమా మలమా, రోగి ఓపీలోనా వార్డులోనా ఐసీయూలోనా అన్నవి అందులో గళ్లు. అక్కడి నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పెట్టిన గ్లాస్ వ్యవస్థకు వెళతాయి.

వలలో పడిన అంకెలు ఉలిక్కిపడేలా ఉన్నాయి. ఐసీఎంఆర్ లెక్కలో 2017లో నూటికి 81 ఈ.కోలైలు ఇమిపెనెమ్‌కు లొంగేవి. 2022కి అవి 66. క్లెబ్సియెల్లాలో 59 నుంచి 42కు పడిపోయింది. ఇమిపెనెమ్ కార్బాపెనెమ్ వర్గంలోది, మామూలు మందులు చేతులెత్తేశాక ఐసీయూలో ఎక్కించేది. ప్రపంచమంతా కలిపి చూస్తే, 2023లో ల్యాబులో తేలిన ప్రతి ఆరు బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ఒకటి మందుకు లొంగలేదని గ్లాస్ చెప్పింది. మన దేశమున్న ఆగ్నేయాసియా విభాగంలో మూడింట ఒకటి.

అయితే నిఘా చెడు కబురే మోయదు. టైఫాయిడ్ సంగతి చూడండి. ఒకప్పుడు దానికి మందంటే క్లోరాంఫెనికాల్. 1972లో కోజికోడ్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ బయటపడింది. వైద్యులు మెల్లగా సిప్రోఫ్లాక్సాసిన్‌కు మారారు. ఇప్పుడు దేశంలోని టైఫాయిడ్ బ్యాక్టీరియా దాదాపు అంతా సిప్రోఫ్లాక్సాసిన్‌ను లెక్కచేయడం లేదు. కానీ వాడకం తగ్గిన క్లోరాంఫెనికాల్‌కు పదింట తొమ్మిదికి పైగా మళ్లీ లొంగుతున్నాయి. అలాగే ఆడవాళ్లలో తరచూ వచ్చే మూత్రంలో మంటకు నైట్రోఫ్యురాంటాయిన్ అనే పాత, చవక మందు ఇప్పటికీ ఎక్కువ ఈ.కోలైల మీద పనిచేస్తోంది. ఈ మాట చెప్పింది కూడా ఆ వలయాల కొలతే. కొలవకపోతే ఏ పాత కత్తికి పదును మిగిలిందో కూడా తెలియదు.

ఎవరి పొట్ట ఇది?

ఇప్పుడు మాడుగుల నుంచి చూద్దాం. వానలు పడ్డాయి, ఓ ఇంటి పెద్దకు విరేచనాలు పట్టుకున్నాయనుకుందాం. కొడుకు మందుల షాపుకు వెళ్లి ‘మా నాన్నకు మోషన్లండీ, పొద్దున్నించీ నాలుగుసార్లు’ అంటాడు. ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్రలు నాలుగు కత్తిరించి ఇస్తారు. రెండు వేసుకున్నాక తగ్గుతుంది. నీళ్ల విరేచనాలు చాలావరకు వాటంతటవే తగ్గేవే, పేరు మాత్రం మాత్రకు దక్కుతుంది. మిగిలిన రెండూ డబ్బాలో పడి ఉంటాయి, మనవడి జ్వరం దాకా. ఇందులో ఎక్కడా మలం నమూనా లేదు, పళ్లెం లేదు, వలయం లేదు. ఆ పొట్టలో ఏం మిగిలిందో ఏ గడిలోనూ ఎక్కలేదు.

తగ్గలేదనుకోండి. ఆర్‌ఎంపీ దగ్గర ఓ ఇంజెక్షన్. ఆపైన చోడవరం, అనకాపల్లి. అప్పటికీ కుదరకపోతే విశాఖ కేజీహెచ్. అక్కడో మరో పెద్దాసుపత్రిలోనో రక్తం తీసి కల్చర్ పెడితే, అప్పుడు ఆ మనిషి బ్యాక్టీరియా తొలిసారి పళ్లెం ఎక్కుతుంది. ఈలోగా అది మూడు నాలుగు మందులు చూసేసింది. లొంగేదంతా దారిలోనే చచ్చింది. పెద్దాసుపత్రి చూసేది వడపోతలో మిగిలినదాన్ని.

జాతీయ అంకెలకున్న లోటు ఇదే. పెద్దాసుపత్రుల లెక్కను ఊరి లెక్క అనుకోకూడదని నిఘా నడిపేవాళ్లే చెబుతుంటారు. అందులోని లొంగనితనం ఊళ్లో ఉన్నదానికన్నా ఎక్కువ కనబడే వీలుంది. మరోపక్క, ఆసుపత్రిదాకా రాకుండా ఇంటి దగ్గరే పోయినవాళ్లు ఏ లెక్కలోకీ రారు. కాబట్టి మాడుగుల వైద్యుడికి జాతీయ నివేదిక సగమే పనికొస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు నమ్మితే, చిన్న మందుతో పోయే ఇన్ఫెక్షన్‌కు పెద్ద మందు రాస్తాడు, ఆ పెద్ద మందు పదును తగ్గిస్తాడు. నమ్మకుండా వదిలేస్తే, పనిచేయని మందుతో మూడు రోజులు పోగొడతాడు. ఇంకొకరి ఊరి పటం పట్టుకుని తన ఊళ్లో దారి వెతుక్కుంటున్నట్టు.

మన పొట్టల గురించి కొంత సమాచారం పరాయివాళ్ల పొట్టల ద్వారా తెలిసిందంటే నమ్ముతారా? నెదర్లాండ్స్‌లో రెండువేల మంది ప్రయాణికుల మలాన్ని విదేశాలకు వెళ్లే ముందూ వచ్చాకా పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. సెఫోటాక్సిమ్ లాంటి మందుల్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా వెళ్లే ముందు లేనివాళ్లలో, దక్షిణాసియా తిరిగొచ్చినవారిలో నూటికి 75 మంది దాన్ని పొట్టలో వేసుకుని వచ్చారు. వాళ్లు రోగులు కారు, మామూలు ప్రయాణికులు. కొన్నాళ్లు ఇక్కడి తిండి తిన్నారు, నీళ్లు తాగారు, అంతే. చాలామందిలో నెల రోజుల్లో అది పోయింది, పదింట ఒకరిలో ఏడాది తర్వాతా ఉంది. వచ్చిపోయేవాళ్ల సంగతే ఇదైతే, ఇక్కడే పుట్టి ఇక్కడే తినేవాళ్ల మాటేమిటి?

మూడు చక్రాల బండి

దీనికో పద్ధతి తయారుగానే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించిన దాని పేరు ట్రైసైకిల్. అన్నిటినీ కొలవబోయి ఏదీ కొలవలేకపోవడం కన్నా, ఒకే బ్యాక్టీరియాను మూడు చోట్ల కొలవమంటుంది. మనుషుల్లో, తినే జంతువుల్లో, నీటిలో. వెతికేది సెఫోటాక్సిమ్ లాంటి మందుల్ని విరగ్గొట్టే ఈ.కోలైని.

మనుషుల్లో అంటే రోగులే కాదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల లెక్క కావాలి. అందుకు ట్రైసైకిల్ ఎంచుకున్నది గర్భిణుల్ని. మాడుగుల లాంటి చోట ఇది ఎంత తేలికో చూడండి. 2016 నుంచి ప్రతి నెలా తొమ్మిదో తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతున్నాయి. ఆశా కార్యకర్తలు దగ్గరుండి తీసుకొస్తారు. రక్తం, మూత్రం ఎలాగూ ఇస్తారు. వాటితోపాటు ఓ దూదిపుల్ల నమూనా. క్యారీ-బ్లెయిర్ అనే జావలాంటి పదార్థంలో గుచ్చితే అందులోని బ్యాక్టీరియా చావకుండా ఉంటుంది. టీకాలు మోసే చల్లపెట్టె ఉండనే ఉంది. రెండో చక్రానికి కోళ్ల దుకాణం. మూడో చక్రానికి ఊరి మురుగు, ఊరికి ఎగువనా దిగువనా పారే నీరు. భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరంలో మురుగంతా ఒకచోటికి చేరుతుంది. 2020 ఆగస్టులో హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగునీటిని బట్టే నగరంలో సుమారు 6.6 లక్షల మందికి కరోనా సోకి ఉంటుందని అంచనా కట్టారు. చిన్న ఊళ్లలో సైడు కాలువలు ఎక్కడివక్కడే పొలాల్లోకీ చెరువుల్లోకీ పోతాయి కాబట్టి ఒక్క సీసాతో పని జరగదు, నాలుగైదు చోట్ల ముంచాలి.

ల్యాబులో పని సూటిగా ఉంటుంది. ఒకే నమూనాను రెండు పళ్లేల్లో వేస్తారు. ఒకటి మామూలుది, రెండోదాంట్లో సెఫోటాక్సిమ్ కలిపి ఉంటుంది. మొదటిదాంట్లో పెరిగినవి మొత్తం ఈ.కోలైలు, రెండోదాంట్లో పెరిగినవి మొండివి. రెండూ లెక్కపెట్టి నిష్పత్తి చూస్తే, ఆ పొట్టలో ఎన్నికల ఫలితం బయటపడుతుంది. కోటి రూపాయల యంత్రం అక్కర్లేదు. కావలసింది నమూనా పంపే దారి, అంతకన్నా ముఖ్యంగా ఫలితం తిరిగొచ్చే దారి. మాడుగుల నుంచి వెళ్లిన నమూనా ఢిల్లీ నివేదికలో ఓ దశాంశంగా మిగిలిపోతే, మాడుగుల వైద్యుడి చేతికి ఏమీ రాలేదన్నమాటే. ‘మీ మండలంలో మూత్రంలో మంటకు ఈ మందు పనిచేస్తోంది, ఇది పనిచేయడం లేదు’ అని ఒక పేజీ కాగితం ఏటా ఆ టేబుల్ మీదికి రావాలి. ఆసుపత్రులు తమ మటుకు తాము వేసుకునే ఇలాంటి పట్టికను యాంటీబయోగ్రామ్ అంటారు. ఊరికీ ఒకటి ఉండాలి.

ఆంధ్రప్రదేశ్ 2022లో యాంటీబయాటిక్ నిరోధకత మీద రాష్ట్ర కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. కేరళ, మధ్యప్రదేశ్, ఢిల్లీ తర్వాత అలా ముందుకొచ్చిన కొద్ది రాష్ట్రాల్లో మనదొకటి. ఆ ప్రణాళికకు పరీక్ష విశాఖలోనో గుంటూరులోనో కాదు, ఇలాంటి ఊళ్లలోనే.

ఈలోగా

పటం వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. నీళ్ల విరేచనాలకు మొదటి మందు ఓఆర్‌ఎస్ ప్యాకెట్. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనబీస్ చేసి చూపించింది అదే. సెలైన్ సీసాలు అయిపోతున్నప్పుడు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లతో కలరా రోగుల్ని నిలబెట్టాడు. పిల్లలకు దానితోపాటు 14 రోజులు జింకు. మలంలో రక్తం పడితే, జ్వరం తీవ్రమైతే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి. స్ట్రిప్ మీద నిలువునా ఎర్రగీత ఉంటే ఆ మందు చీటీ లేకుండా కొనేది కాదు. 2014 మార్చి నుంచి అమలైన హెచ్1 జాబితాలో ఉన్న యాంటీబయాటిక్‌ను ఎవరికి అమ్మారో షాపువాళ్లు ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరు కూడా ఒక నిఘా పుస్తకమే. రాయని పేజీ ఒక్కోటీ ఒక తప్పిపోయిన నమూనా.

వచ్చే తొమ్మిదో తేదీన గర్భిణులు ఎప్పటిలాగే ఆసుపత్రి వరండాలో వరసగా కూర్చుంటారు. వాళ్లలో ఒకరి నమూనా చల్లపెట్టెలో అనకాపల్లి బస్సెక్కిందనుకుందాం. రెండు మూడు రోజుల్లో ఎవరో ఒకరు పళ్లెం మూత తీసి, స్కేలు పెట్టి, వలయం చూసి ఓ అంకె రాస్తారు. 26 కావచ్చు, 20 కావచ్చు. ఆ అంకె ఎదుట ఊరి పేరు రాసే గడిలో మాడుగుల అని ఉంటుంది.